పాత కారు లైట్లకి కవర్లు వేయించాలా? జయపురం స్టూడియోలో ఓ చర్చ

(ఒడిశాలోని కోరాపుట్ జిల్లా జయపురంలో మా చిన్న స్టూడియోలో రికార్డు చేసిన చర్చ ఇది. మాటలు దాదాపు ఉన్నవి ఉన్నట్టే రాశాం. మధ్యలో టీ కోసం ఆపిన భాగం మాత్రం తీసేశాం.)

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఈ రోజు విషయం హెడ్‌లైట్ కవర్లు. చిన్న విషయమే కదా, పావుగంటలో అయిపోతుందనుకున్నాం. కానీ మాస్టారు తన అంబాసిడర్ తెచ్చి గుమ్మం ముందు ఆపగానే గొడవ అక్కడే మొదలైంది. మెకానిక్ గారు లోపలికి రాకుండా కారు ముందు గొంతుక్కూర్చుండిపోయారు, బతిమాలి తీసుకొచ్చాం. వెలుతురు సంగతులు చెప్పడానికి మేడమ్ కూడా మనతో ఉన్నారు. మాస్టారూ, ముందు మీరు చెప్పండి, ఈ కవర్లు ఎందుకు వేయించారు?

మాస్టారు: అద్దం పగిలింది కాబట్టి వేయించాను. సాలూరు నుంచి వస్తున్నాను, సుంకి దాటాక ముందర ఓ కంకర లారీ, పైన పరదా కట్టలేదు, ఘాట్‌లో దాన్ని దాటి వెళ్ళే దారీ లేదు. ఒక్క రాయి ఎగిరొచ్చి టప్‌మని కొట్టింది. ఏడంగుళాల గుండ్రటి లైటు ఇప్పటికీ దొరుకుతుంది, కాదనను. కానీ అంబాసిడర్ తయారీయే 2014లో ఆగిపోయింది, బండితో వచ్చిన అద్దం పోతే అలాంటిది మళ్ళీ వస్తుందా? అందుకని రెండో అద్దమైనా మిగలాలని ఓ కుర్రాడి చేత రెండింటికీ అక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటు కోయించి పెట్టించాను. "హెబొ, హెబొ" అని, అంటే ఒడియాలో "అవుతుంది, అవుతుంది" అంటూ అరగంటలో అతికించేశాడు.

మెకానిక్: దేంతో అతికించాడో కూడా చెప్పండి మాస్టారూ.

మాస్టారు: సిలికాన్‌తో.

మెకానిక్: చుట్టూ! ఒక్క సూది దూరే సందు లేకుండా చుట్టూ కట్టేశాడు. అదీ వెనిగర్ వాసన కొట్టే రకం సిలికాన్, ఆరేటప్పుడు ఆ పులుపు ఇనుము మీద పడితే తుప్పు పట్టదా ఏటి? ఇప్పుడా లైటు ఎత్తు సరిచేయాలంటే లోపలున్న స్క్రూ నాకు అందదు, బల్బు మార్చాలన్నా కవరు కోయాల్సిందే. నేను కవర్లే వద్దనడం లేదు, ఊడదీయడానికి రాని కవరు వద్దంటున్నాను.

వ్యాఖ్యాత: మాస్టారూ, ఇందాక బయట మంచు సంగతేదో చెప్పారు.

మాస్టారు: చెప్పకూడదనుకున్నాను, సరే. డిసెంబర్‌లో పెళ్ళికి వెళ్ళి రాత్రి తిరిగొస్తున్నాం, మా ఆవిడా నేనూ. సాలూరులో స్వెట్టర్ కూడా అక్కర్లేదు, పైకెక్కి పొట్టంగి దగ్గరికొచ్చేసరికి చలి, మంచు. లైట్లు వెలుగుతున్నాయి గానీ రోడ్డు కనబడదు. దిగి చూస్తే కవరు లోపలి వైపంతా చెమ్మ. బయట తుడిస్తే ఏం లాభం, ఉన్నది లోపల కదా. సెమిలిగుడ దాకా ఒక బస్సు తోక పట్టుకొని వచ్చాను. మా ఆవిడ ఆ రోజు నుంచి ఆ కవర్లని "మీ కళ్ళజోడు" అంటుంది.

మేడమ్: అక్కడ జరిగింది చాలా మామూలు సంగతి మాస్టారూ. కింద వెచ్చటి గాలి, దాన్లో తేమ, అది కవరు వెనకాల బందీ అయిపోయింది. పైకి వచ్చేసరికి బయటి చలికి షీటు చల్లబడింది, ఆ తేమంతా దాని లోపలి వైపు నీరయింది. మామూలుగా హాలోజెన్ లైటుకి ఆ సమస్య తక్కువ, 60 వాట్ల బల్బులో ఎక్కువ భాగం వేడే కాబట్టి అద్దం తనంతట తనే ఆరుతుంది. మీరు కవరు వేసి ఆ వేడి బయటి ముఖం దాకా చేరకుండా చేశారు. ఎల్ఈడీ వేసుకున్నవాళ్ళకైతే ముందువైపు వేడే ఉండదు, వాళ్ళకి కవరు లేకపోయినా చెమ్మ ఆరడం కష్టం.

వ్యాఖ్యాత: మరి చెమ్మ లేని రోజు? కవరు పారదర్శకమే కదా, వెలుతురు ఏమీ తగ్గదు కదా?

మేడమ్: తగ్గుతుందండీ. షీటుకి రెండు ముఖాలు, ఒక్కో ముఖం దగ్గర సుమారు 4 శాతం వెలుతురు వెనక్కి తిరిగిపోతుంది. కొత్తది, శుభ్రంగా తుడిచింది అయినా సరే 8 శాతం పోయినట్టే. పాలీకార్బనేట్ అనే ఇంకో రకం ప్లాస్టిక్ షీటైతే పది దగ్గరికి వెళ్తుంది. అయినా పోయిన వెలుతురు గురించి నాకు పెద్ద బెంగ లేదు, చెదిరిన వెలుతురుతోనే బెంగ. పొడి గుడ్డతో నాలుగు సార్లు దుమ్ము తుడిస్తే సన్నటి గీతలు పడతాయి, ఆ గీతల మీద వెలుతురు కిందకి పోవాల్సింది పైకి చిమ్ముతుంది. మంచులో అది తెల్ల గోడలా మీ కళ్ళకే తిరిగొస్తుంది, ఎదుటివాడి కళ్ళలోనూ కొడుతుంది.

మెకానిక్: మేడమ్ గారు చెప్పింది నిజం. ఇంకో సంగతి. అక్రిలిక్ ఎండకి బాగానే ఆగుతుంది గానీ రాయి తగిలితే ముక్కలవుతుంది. అంటే మాస్టారు దేనికోసం పెట్టారో దానికే పనికిరాదు. పాలీకార్బనేట్ పగలదు, కానీ గీతలు పడుతుంది, ఎండకి పచ్చబడుతుంది. పెట్రోల్ గుడ్డతో తుడిచారా, సన్నటి పగుళ్ళు లేస్తాయి. మా షెడ్డులో కుర్రోళ్ళకి ఇది చెప్పీ చెప్పీ నోరు నొప్పి.

వ్యాఖ్యాత: సాలూరు నుంచి ఫోన్‌లో ఓ ట్యాక్సీ తమ్ముడు ఉన్నాడు. చెప్పు తమ్ముడూ.

ఫోన్‌లో: నమస్తే అన్నా. నాది అంబాసిడర్ కాదు, పదిహేనేళ్ళ బండి, లైటు అద్దం ప్లాస్టిక్. పచ్చగా మసకబారిపోయింది. దాని మీద కవరు వేస్తే బాగుంటుందా?

మెకానిక్: బాబూ, మురికి చొక్కా మీద ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నట్టుంటుంది. నీ లైటు అద్దమే పాలీకార్బనేట్, కంపెనీ దాని మీద గట్టి పూత వేస్తుంది, ఎండకి ఆ పూత పోయింది, అందుకే పసుపు. ముందు దాన్ని తీయాలి. 800 నంబరు వాటర్ పేపర్‌తో, అదే తడిపి రుద్దే గరుకు కాగితంతో మొదలుపెట్టు, తడి ఆరనివ్వకు, తరవాత 1500, 2000, 3000, ఆపైన పాలిష్. అప్పుడు గాజులా వస్తుంది. కానీ అక్కడే ఆపేస్తే కొన్ని నెలల్లో మళ్ళీ పసుపే. ఎండని ఆపే పూతైనా వేయించు, లేదంటే కార్ల పెయింటు మీద అతికించే పారదర్శక ఫిల్మ్ ఉంది చూడు, అదైనా లైటుకి సరిపడా కోయించి అతికించు.

ఫోన్‌లో: టూత్‌పేస్ట్‌తో రుద్దితే చాలంటున్నారు?

మెకానిక్: రుద్దు, రెండు వారాలు బాగుంటుంది. మీ చెల్లి పెళ్ళికి ఫొటోలు దిగాలంటే చాలు.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) సరే తమ్ముడూ, ఉంటాం. మాస్టారి బండికి వద్దాం. గాజు అద్దం, రాళ్ళ రోడ్డు. ఏం చేయాలి?

మెకానిక్: గాజుకి ఫిల్మ్ కూడా అతుక్కుంటుంది, చిన్న రాళ్ళకి చాలు. ఆయన రోజూ కంకర లారీల వెనకే పోతానంటే కవరు వేద్దాం, పద్ధతిగా. మూడు మిల్లీమీటర్ల పాలీకార్బనేట్, గుండ్రంగా కోసి అంచులు నున్నగా అరగదీయాలి. అద్దానికి ఆనకూడదు, వేలు మందమంత ఎడం ఉండాలి, రాయి తగిలితే షీటు వంగుతుంది, వంగడానికి చోటుండాలి. క్రోమ్ రింగు దగ్గర మూడు చిన్న అల్యూమినియం క్లిప్పులు, మధ్యలో రబ్బరు వాషర్లు. కింద సందు, పైన సందు, గాలి ఆడాలి, నీళ్ళు కారిపోవాలి. చేత్తో ఊడాలి. పగలు వేసుకోండి, చీకటి పడితే తీసి డిక్కీలో పెట్టుకోండి.

మాస్టారు: రోజూ తీసి పెట్టడమా? ఈ వయసులో?

మెకానిక్: కళ్ళజోడు రోజూ తీసి పెట్టడం లేదా మాస్టారూ?

మేడమ్: ఇంకో పని. కవరు వేయకముందే సమంగా ఉన్న నేల మీద గోడకి పాతిక అడుగుల దూరంలో కారు నిలపండి, లో బీమ్, అంటే కిందకి పడే లైటు వేసి వెలుతురు పై అంచు ఎక్కడ పడుతోందో సుద్దతో గీయండి. కవరు వేశాక మళ్ళీ చూడండి. గీత దాటి పైకి చిమ్మితే ఆ షీటు పనికిరాదు. పది నిమిషాల పని, ఎవరూ చేయరు.

వ్యాఖ్యాత: పోలీసులు ఏమైనా అంటారా?

మాస్టారు: 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో ఉంది. రాత్రి ముందు లైటు వేస్తే రోడ్డు మీద 155 మీటర్ల దూరంలో ఉన్న మనుషులూ బండ్లూ స్పష్టంగా కనబడాలి. నా చిన్నప్పుడు హెడ్‌లైట్ మీద నల్ల రంగు చుక్క పెట్టేవారు, ఎదుటివాడి కళ్ళలో పడకుండా. ఇప్పుడు కుర్రాళ్ళు స్టైలని నల్ల స్మోక్ కవర్లు తగిలిస్తున్నారు, రాత్రి కూడా తీయరు. వాళ్ళని అడగాలి.

మెకానిక్: వాళ్ళకి చెప్తే వినరు గానీ మీకు ఒకటి చెప్పాలి. మీ లైటు డల్‌గా ఉందని ఇందాక అన్నారు, అదంతా కవరు తప్పు కాదు. ఇంజిన్, లైట్లు ఆన్ చేయించి లైటుకి వెళ్ళే వైరు దగ్గర మీటరు పెట్టి చూశాను, బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజ్ అక్కడ లేదు. పాత వైరింగ్, కరెంటంతా డాష్‌బోర్డ్ స్విచ్ చుట్టూ తిరిగొస్తోంది.

మేడమ్: హాలోజెన్‌కి వోల్టేజ్ పది శాతం పడిపోతే వెలుతురు ఇంచుమించు 30 శాతం పడిపోతుంది.

మాస్టారు: ముప్పయ్యా? మరి కవరుకి ఎనిమిది అన్నారు!

మేడమ్: అవును. మూడు నాలుగు రెట్లు అక్కడే పోతోంది.

మెకానిక్: అందుకే ముందు రిలే వేస్తాను, అంటే బ్యాటరీ కరెంటుని నేరుగా లైటుకి పంపే స్విచ్చు, మందపాటి వైరు లాగుతాను, ఎర్తు వైరు కలిసే చోటు గీకి బిగిస్తాను. కవర్ల సంగతి తరవాత. ఆదివారం పొద్దున్నే తీసుకురండి. సిలికాన్ మాత్రం బ్లేడుతో నెమ్మదిగా తీయాలి, క్రోమ్ రింగు జాగ్రత్త.

మాస్టారు: క్రోమ్‌కి గీత పడితే?

మెకానిక్: పడదు. పడితే నేను టీ ఇప్పిస్తాను.

మాస్టారు: టీ కాదయ్యా, రింగు ఇప్పించాలి.