హటన్ ఆర్బిటల్ దాకా ఒక ప్రయాణం: స్పేస్ గేమ్‌లో నాకు కావలసింది దూరం

అందరికీ నమస్తే. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. 2024 డిసెంబర్ 30 రాత్రి పది గంటలకు రెండు ఉపగ్రహాల్ని అంతరిక్షంలో కలిపే ఇస్రో ప్రయోగం, స్పేడెక్స్ రాకెట్ లేచినప్పుడు మేమంతా మిద్దె మీదే ఉన్నాం. శ్రీహరికోట మాకు దక్షిణాన, గీత గీస్తే వంద కిలోమీటర్ల లోపే. కొబ్బరిచెట్ల పైన ఎర్రటి వెలుగు లేచింది, కాసేపటికి చుక్కైపోయింది. ఆ చుక్క ఎంత దూరం పోతోందో అనే ఆలోచనే నన్ను స్పేస్ గేమ్స్‌లోకి లాగింది. అందుకే నో మ్యాన్స్ స్కై, స్టార్‌ఫీల్డ్, ఎలీట్ డేంజరస్ అనే మూడు గేమ్స్ మీద ఈ రివ్యూలో ముందు చూసేది దూరం. గ్రాఫిక్స్ తర్వాత.

నో మ్యాన్స్ స్కై. 2016లో వచ్చినప్పుడు చెప్పినవన్నీ ఇవ్వలేదని ఆడినవాళ్లు తిట్టిపోశారు. ఆ కోపం న్యాయమైనదే. కానీ దాన్ని తయారుచేసిన హెలో గేమ్స్ వాళ్లు వదిలేసి పోలేదు. బేస్ కట్టుకోవడం, మల్టీప్లేయర్, వీఆర్, ఒక్కొక్కటీ ఉచిత అప్‌డేట్‌గా ఇస్తూ వచ్చారు. 2024 నవంబర్‌కి, గేమ్స్ అమ్మే స్టీమ్ సైట్‌లో మొత్తం రేటింగ్ 'వెరీ పాజిటివ్' అయింది. ఎనిమిదేళ్ల ఓపిక అది, నాకు గౌరవం. అంతరిక్షం నుంచి మేఘాల్లోకి, మేఘాల్లోంచి నేల మీదికి ఎక్కడా ఆగకుండా దిగుతాం. మొదటిసారి దిగినప్పుడు చేతులు వణికాయి. గ్రహాలు 18 తర్వాత పద్దెనిమిది సున్నాలన్ని ఉన్నాయి. అయితే పది చూశాక పదకొండోది ఎక్కడో చూసినట్టే ఉంటుంది. ఒక గ్రహం నుంచి పక్క గ్రహానికి కూడా చాలా త్వరగా చేరిపోతాం.

స్టార్‌ఫీల్డ్ గురించి ఎక్కువ చెప్పను. 2023లో వచ్చింది, గ్రహాలు వెయ్యికి పైనే. కథ, ఓడ కట్టుకోవడం బాగున్నాయి. కానీ మ్యాప్‌లో నొక్కితే లోడింగ్ స్క్రీన్, దిగితే లోడింగ్ స్క్రీన్. అంతరిక్షంలో ప్రయాణం చేసిన ఫీలింగ్ రాలేదు.

ఇక ఎలీట్ డేంజరస్. 2014 నుంచి ఉంది. మన పాలపుంతనే అసలు కొలతలతో కట్టారు, 40 వేల కోట్ల నక్షత్ర వ్యవస్థలు. మన సూర్యుడికి అతి దగ్గరి నక్షత్ర వ్యవస్థ ఆల్ఫా సెంటారీకి వెళ్తే హటన్ ఆర్బిటల్ అని ఒక స్టేషన్ ఉంది. మనం వచ్చి దిగే నక్షత్రం నుంచి 0.22 కాంతి సంవత్సరాల దూరం. స్టేషన్ ఉన్నది ఆ వ్యవస్థలోనే ఉన్న ప్రాక్సిమా అనే చిన్న నక్షత్రం దగ్గర, అది నిజంగానే దాదాపు అంత దూరంలో ఉంది. ఓడ కాంతికి రెండు వేల రెట్ల వేగం అందుకున్నా గంటకు పైగా పడుతుంది. నెల్లూరులో బస్సెక్కి కావలిలో దిగేంత సేపు. అక్కడ హటన్ మగ్ అని ఒక సరుకు అమ్ముతారు, దానికోసమే వెళ్లొచ్చేవాళ్లు బోలెడుమంది.

నేను వెళ్లిన రోజు అమ్మ వచ్చి, "ఏందిరా, ఇంతసేపటి నుంచి నల్లగా అదే బొమ్మ?" అంది. ముందున్న చుక్క చూపించి, అక్కడికే పోతున్నానన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. చివర్లోనే టెన్షన్. స్క్రీన్ మీద చేరడానికి ఇంకా ఏడు సెకన్లు అని పడేలోపు వేగం తగ్గించుకోవాలి, లేకపోతే స్టేషన్ దాటిపోయి మళ్లీ తిరిగి రావాలి. స్పేడెక్స్ జంట ఉపగ్రహాలు కూడా జనవరి 12న మూడు మీటర్ల దాకా దగ్గరికొచ్చి, మళ్లీ వెనక్కి జరిగి, 16న కలిశాయి. ఆ వార్త చదివినప్పుడు ఆ జాగ్రత్త ఎందుకో నాకు లోపల నుంచి అర్థమైంది.

ఒక హెచ్చరిక. ఎలీట్‌లో కొత్త వ్యవస్థల్ని స్కాన్ చేసిన డేటాని స్టేషన్‌లో అమ్మేదాకా అది మనది కాదు. మూడు వారాలు తిరిగి పోగేసుకున్నాను. వచ్చే దారిలో గురుత్వాకర్షణ చాలా ఎక్కువున్న గ్రహం మీద తొందరపడి దిగాను. ఓడ నేలకు కొట్టుకుంది, డేటా మొత్తం పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీరు దిగే ముందు గురుత్వాకర్షణ అంకె చూడండి. ఒకటి, అంటే భూమి మీదున్నంత, దాటితే కిందికి మెల్లగా, ముక్కు వంచకుండా దిగండి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు, ఇంట్లో పిల్లలతో ఆడేవాళ్లు నో మ్యాన్స్ స్కై తీసుకోండి. ఓపికుంటే ఎలీట్. నేను మళ్లీ బయల్దేరాను, ఈసారి పాలపుంత నడిమధ్య ఉన్న కృష్ణబిలం సాజిటేరియస్ ఏ-స్టార్‌కి, దాదాపు 26 వేల కాంతి సంవత్సరాలు. ఎంత దూరం వచ్చావని అమ్మ రోజూ అడుగుతోంది.