పని చేస్తే పింఛను పోతుందా?

(ప్రపంచ దివ్యాంగుల దినోత్సవం, డిసెంబరు 3న ఆంధ్రప్రదేశ్‌లోని కందుకూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మీకు, మెట్లెక్కే దారి లేక గుమ్మం బయటే మూడు చక్రాల బండ్ల మీద ఉండిపోయిన అన్నలకు కూడా. నిర్వాహకులకు చిన్న మనవి. వచ్చే ఏడాది ఈ సభ ర్యాంపు ఉన్న హాల్లో పెట్టండి. శాలువాల ఖర్చు తగ్గించుకున్నా మేమేమీ అనుకోం.

నన్ను స్వయం ఉపాధి మీద మాట్లాడమన్నారు. కుట్టు మిషను, జిరాక్సు షాపు, కోళ్ళ పెంపకం, కంప్యూటర్ కోర్సు... ఇవన్నీ అధికారులు మీకు చాలాసార్లు చెప్పే ఉంటారు. మీరు తలూపి ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు. ఆ మాటలు వింటున్నంతసేపూ మీ మనసులో తిరిగే ప్రశ్న వేరే ఉంటుంది. పని చేస్తే పింఛను పోతుందా? శిక్షణకు పేరిస్తే అది ఎక్కడో కంప్యూటర్‌లోకి ఎక్కి, ఒకటో తారీఖు డబ్బు ఆగిపోతుందా? అడిగితే ఏమనుకుంటారోనని మైకు ముందు ఎవరూ అడగరు. అందుకని నేనే అడిగి, నేనే జవాబు చెబుతాను.

పని చేసినందుకు పింఛను పోదు. ఇంటి ఆదాయం గీత దాటితే పోతుంది. మన ఊళ్ళలో ఈ రెంటినీ కలిపేసి, కుర్చీలోంచి లేస్తే చాలు పింఛను కట్ అని భయపెడుతున్నారు.

రూలు ఏముందో చూడండి. మన రాష్ట్ర పింఛను పథకం ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై 1 నుంచి మన పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. అది రావాలంటే డాక్టర్లు వైకల్యం కొలిచి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతమో, ఆ పైనో ఉండాలి. ఇల్లు పేద ఇల్లై ఉండాలి. అంటే పల్లెలో అయితే కుటుంబమంతటి సంపాదన నెలకు 10,000 లోపు, పట్టణంలో అయితే 12,000 లోపు. భూమి, కారు, కరెంటు లాంటివి ఇంకొన్ని ఉన్నాయి, వాటి దగ్గరికి తర్వాత వస్తాను. వీటిలో ఎక్కడైనా 'ఖాళీగా కూర్చోవాలి' అని ఉందా? 'ఏ పనీ చేతకాదు' అని రాసిమ్మని మిమ్మల్ని ఎవరైనా అడిగారా? లేదు.

ఇక్కడ అమెరికా సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ కొన్నేళ్ళు ఉద్యోగం చేసి తర్వాత వికలాంగులైనవాళ్ళకు ప్రభుత్వం నెలనెలా డబ్బిస్తుంది. దానికి మొదటి షరతే 'చెప్పుకోదగ్గ సంపాదన వచ్చే పని చేయలేకపోవడం'. అంటే అక్కడ పనిలోకి దిగడమే అర్హతకు అడ్డం పడుతుంది. మన దగ్గర అలా కాదు. సదరం క్యాంపులో డాక్టరు చూసేది మోకాలు ఎంత వంగుతుంది, కంటి చూపు ఎంత, చెవికి ఎంత వినబడుతుంది అన్నదే. కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం కొలిచేది శరీరంలో వచ్చిన లోటును. మీరు పొగాకు గ్రేడింగ్‌కు పోతున్నారా, అరుగు మీద కూర్చుంటున్నారా అన్నది ఆ కొలతలో లేదు.

కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుము వంగిపోయినవాళ్ళను మీరంతా చూసే ఉంటారు. అలాంటి ఒకాయన చిల్లర కొట్టు పెట్టుకుని కూర్చున్నంత మాత్రాన బిగుసుకుపోయిన కీళ్ళు వదులవుతాయా? ఎక్స్‌రేలో ఎముక మారుతుందా? అయినా రీవెరిఫికేషన్ అనగానే కొట్టుకు తాళం వేసేసి ఇంట్లో పడుకున్నవాళ్ళు ఉన్నారు. 2025లో మళ్ళీ పరీక్షలు జరిగి, చాలామందికి నోటీసులు వచ్చిన మాట నిజం. టెన్షన్ పడ్డ మాటా నిజమే. కానీ ఆ నోటీసులు శాతం 40 కంటే తగ్గిందనో, వైకల్యం శాశ్వతం కాదనో వచ్చాయి. కొలత తప్పనిపిస్తే అప్పీలు ఉంది, ఎంపీడీవో ఆఫీసులోనో మున్సిపల్ ఆఫీసులోనో ఇవ్వొచ్చు. కొట్టు మూసుకోవడం వల్ల శాతం పెరగదు, బేరాలు పోతాయి అంతే.

ఇక శిక్షణ. అనుమానాలన్నిటిలోకీ తేలిగ్గా తేలేది ఇదే, అయినా ఎక్కువమంది ఆగిపోయేదీ ఇక్కడే. శిక్షణ ఆదాయం కాదు. నెల్లూరులో దివ్యాంగుల కోసమే కేంద్ర ప్రభుత్వ ప్రాంతీయ కేంద్రం, అందరూ సీఆర్సీ అనేది, ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు ఉన్నాయి, వాటిలో ఫీజు లేదు, భోజనం, వసతి వాళ్ళవే. వెంకటాచలం దగ్గర స్వర్ణభారత్ ట్రస్టులోనూ వృత్తి శిక్షణలు నడుస్తుంటాయి. వీటిలో పేరు రాయించుకున్నంత మాత్రాన పింఛను జాబితాలోంచి పేరు పోదు.

పోయేదల్లా ఒకటో తారీఖు ఇంట్లో లేకపోవడం వల్ల. పింఛను ఇంటికి తెచ్చి, వేలిముద్ర వేయించుకుని ఇస్తారు. మీరు నెల్లూరు హాస్టల్లో ఉంటే ఎలా? దీనికీ వెసులుబాటు వచ్చింది. ఒక నెల తీసుకోకపోతే రెండో నెల రెండూ కలిపి ఇస్తారు. రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెల మూడూ కలిపి ఇస్తారు. మూడో నెల కూడా తీసుకోకపోతే మాత్రం ఊరు వదిలి వెళ్ళారని లెక్కకట్టి ఆపేస్తారు. మళ్ళీ దాన్ని తెప్పించుకోవాలంటే ఊళ్ళోని గ్రామ సచివాలయం చుట్టూ తిరగాలి. కాబట్టి మూడు నెలల కోర్సు అయితే మధ్యలో ఒక ఒకటో తారీఖు ఇంటికొచ్చేలా ముందే ట్రైనింగ్ వాళ్ళతో మాట్లాడుకోండి. దూరంగా హాస్టళ్ళలో ఉండి చదువుకునే దివ్యాంగ విద్యార్థులకు పింఛను బ్యాంకు ఖాతాలోనే వేసే ఏర్పాటు చేశారు. శిక్షణలో ఉన్నవాళ్ళకూ అదే వర్తింపజేయాలని ఇక్కడున్న అధికారులను అడుగుతున్నాను. బడిలో ఉన్న పిల్లవాడికో రూలు, మిషను నేర్చుకునే పిల్లకో రూలు ఎందుకు?

ఇప్పుడు సిక్స్ స్టెప్ అనే మాట. సచివాలయంలో ఏ పథకానికి వెళ్ళినా ఈ మాట వినబడుతుంది. ఆధార్‌తో ముడిపడిన రికార్డులు చూసి, ఈ ఇల్లు పేదదా కాదా అని కంప్యూటరే తేల్చేస్తుంది. మాగాణి మూడెకరాలు, మెట్ట పదెకరాలు మించకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి ఉండకూడదు, పారిశుధ్య కార్మికులకు మినహాయింపు ఉంది. ఇన్‌కమ్ టాక్స్ కట్టేవాళ్ళు ఉండకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు, కానీ టాక్సీ, ఆటో, ట్రాక్టర్ ఉండొచ్చు. ఈ ఆటో సంగతి తెలియక, లోను వచ్చినా తీసుకోకుండా వెనక్కి తగ్గినవాళ్ళు మన మధ్యే ఉన్నారు. జీవనోపాధి బండి పింఛనుకు అడ్డం కాదు.

అసలు జాగ్రత్త పడాల్సింది కరెంటు బిల్లు దగ్గర. నెలకు సగటున 300 యూనిట్లు దాటితే ఇల్లు పేదది కాదని లెక్క. ఇంటి ముందు గదిలో జిరాక్సు మిషను, కూల్‌డ్రింకుల ఫ్రిజ్ పెట్టారనుకోండి, లేదా చిన్న పిండిమర పెట్టారనుకోండి. వేసవిలో మీటరు ఎలా తిరుగుతుందో నేను చెప్పక్కర్లేదు. వచ్చిన లాభం రోజుకు రెండు మూడు వందలే కావచ్చు, కంప్యూటర్‌కు మాత్రం మీరు ఏసీ వేసుకున్న షావుకారులా కనబడతారు. అందుకని షాపు పెట్టకముందే రెండు పనులు చేయండి. ఇంటి మీటరు, పక్కవాటా మీటరు ఎవరి ఆధార్‌కు లింకు అయి ఉన్నాయో సచివాలయంలో చూపించుకోండి. అద్దెకున్న ఇంట్లో ఓనరు మీటర్లన్నీ మీ పేరుకే తగిలించిన సందర్భాలు కూడా ఉంటాయి. రెండోది, వ్యాపారానికి విడిగా కమర్షియల్ మీటరు తీసుకోవాలనుకుంటే దాని లెక్క ఎలా పడుతుందో ముందే అడిగి తెలుసుకోండి. ఇలాగే లోను కోసం ఎవరో చెప్పారని ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ దాఖలు చేసేవాళ్ళు కూడా జాగ్రత్త. పన్ను ఒక్క రూపాయి కట్టకపోయినా టాక్స్ కట్టేవాళ్ళ జాబితాలో పడ్డామని మొరపెట్టుకున్నవాళ్ళు ఉన్నారు.

యజమానులతో కూడా ఒక మాట. ఈ సభకు వాళ్ళు ఎక్కువమంది రాలేదు, అయినా అంటాను. "పింఛను వస్తుంది కదమ్మా, నీకెందుకు అంత జీతం?" అనే మాట మన అమ్మాయిలకు బట్టల షాపుల్లో, ఆఫీసుల్లో మామూలైపోయింది. పక్క అమ్మాయికి తొమ్మిది వేలు, ఈమెకు ఐదు వేలు. ఆరు వేలు ఇస్తున్నది ప్రభుత్వం. మందులకు, ఆటోలకు, తోడు వచ్చేవాళ్ళకు, కాలికి ఊతంగా కట్టుకునే, అరిగిపోయే కాలిపర్లకు అయ్యే అదనపు ఖర్చు కోసం ఇస్తున్నది. దాన్ని షావుకారు తన జీతాల బిల్లులోంచి తీసేసుకుంటే ఆ పింఛను ఎవరికి అందినట్టు? ఇదంతా ఎందుకు సాగుతోందంటే, జీతం కాగితం మీదకు ఎక్కితే పింఛను పోతుందని మనవాళ్ళే రసీదు వద్దంటున్నారు. రసీదు లేదు కాబట్టి పీఎఫ్ లేదు, ఈఎస్‌ఐ లేదు, అడిగే నోరు లేదు. భయం ఒకరిదైతే లాభం ఇంకొకరిదవుతోంది.

అయితే ఆ భయం పూర్తిగా ఉత్తదేనని చెప్పి నేను వెళ్ళిపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. లెక్క వేసి చూద్దాం. ఒక పల్లెలో అమ్మ కూలికి పోతుంది, తమ్ముడు అప్పుడప్పుడూ పనికి పోతాడు. ఇద్దరిదీ కలిపి నెలకు 8,500. పోలియో వచ్చిన కొడుకు పింఛను 6,000. ఆ అబ్బాయి కంప్యూటర్‌లో లెక్కలు రాసే ట్యాలీ నేర్చుకుని కందుకూరులో ఒక కొట్లో 7,000కు కుదిరాడు. ఇంటి సంపాదన 15,500 అయింది, గీత దాటింది, పింఛను మొత్తం పోయింది. నెలంతా కష్టపడితే అదనంగా వచ్చింది వెయ్యి రూపాయలు. అందులోనే రానుపోను చార్జీలు. కొట్టువాడు ఆర్నెల్లకు మానేయమంటే ఉద్యోగమూ లేదు, పింఛనూ లేదు. మళ్ళీ కొత్తగా దరఖాస్తు పెట్టుకుని, మంజూరు ఎప్పుడిస్తారా అని ఎదురుచూడాలి. ఇంట్లో అమ్మ "వద్దు నాయనా, ఉన్నది పోగొట్టుకోవద్దు" అంటే ఆమెది చాదస్తం అంటారా? ఆమె లెక్క కరెక్టు. తప్పు మెట్టు లేని గట్టులా కట్టిన ఆ రూలుది.

పల్లెకు 10,000, పట్టణానికి 12,000 అనే గీత 2019 చివర్లో పెట్టింది. ఆ తర్వాత పింఛను రెట్టింపైంది, కూలి పెరిగింది, గ్యాస్ బండ నుంచి బియ్యం దాకా అన్నీ పెరిగాయి. గీత మాత్రం అక్కడే ఉంది. కూలి రేటు పెరిగినందుకే పేద ఇల్లు పేదది కాకుండా పోతోంది.

ఇందాక అమెరికాను తక్కువ చేసి చెప్పాను కదా, ఇప్పుడు వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది చెబుతాను. పని చేయలేకపోవడమే షరతు కాబట్టి, అక్కడ పని చేసి చూసుకోవడానికి విడిగా గడువు ఇస్తారు. ఐదేళ్ళలో తొమ్మిది నెలలు ఎంత సంపాదించినా వచ్చే డబ్బు తగ్గించరు. తర్వాత సంపాదన వల్ల ఆగిపోయినా, ఐదేళ్ళలోపు మళ్ళీ పని చేయలేని పరిస్థితి వస్తే కొత్త దరఖాస్తు లేకుండానే తిరిగి మొదలుపెట్టమని అడగొచ్చు. పేదలకిచ్చే ఇంకో భత్యంలో సంపాదనలో మొదటి 65 డాలర్లు వదిలేసి, మిగతా దాంట్లో సగమే లెక్కలోకి తీసుకుంటారు. ఆ సగం లెక్కను మన అబ్బాయికి పెట్టి చూడండి. 7,000 సంపాదిస్తే పింఛనులో 3,500 తగ్గుతుంది, 2,500 మిగులుతుంది. చేతికి 9,500. అప్పుడు ఏ తల్లీ వద్దనదు.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లో 24వ సెక్షన్ ప్రభుత్వం ప్రకటించే ఆదాయ పరిమితికి లోబడి పింఛను ఇవ్వమంటుంది. ఆ పరిమితి ఎంత, ఎలా లెక్కించాలి అన్నది ప్రభుత్వం చేతిలో ఉంది. ఒక్క జీవో చాలు. దివ్యాంగుడి సొంత సంపాదనను కుటుంబ ఆదాయంలో మొదటి ఏడాది కలపకుండా వదిలేయడం, గీతను ఇప్పటి ధరలకు తగ్గట్టు పెంచడం, పని పోయినవాళ్ళకు పాత మంజూరు మీదే పింఛను తిరిగి ఇవ్వడం. ఈ మూడూ రాసి, సంతకాలతో కలెక్టరు గారి సోమవారం గ్రీవెన్స్‌లో ఇద్దామని నా ప్రతిపాదన. ప్రకాశం వాళ్ళు ఒంగోలులో, నెల్లూరు వాళ్ళు నెల్లూరులో. 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మార్చినప్పటి నుంచి కందుకూరు వాళ్ళకు ఏ ఊరు పోవాలో గుర్తుపెట్టుకోవడమే ఒక పని అయింది, మీరు రెండు చోట్లా ఇచ్చినా తప్పులేదు.

అర్జీ కాగితాలు ఆ మూల టేబుల్ మీద ఉన్నాయి. చదవలేనివాళ్ళకు చదివి వినిపించడానికి మన పిల్లలు ఉన్నారు, వినిపించాకే సంతకమో వేలిముద్రో తీసుకోమని చెప్పాను. సచివాలయం నుంచి వెల్ఫేర్ అసిస్టెంట్లు కూడా వచ్చారు, ఇంకో గంట ఉంటామన్నారు. కరెంటు బిల్లు, ఆధార్ వెంట తెచ్చుకున్నవాళ్ళు ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. మీటరు లింకు ఇక్కడే చూసి చెబుతారు. బయట బండ్ల మీద ఉన్న అన్నలు లోపలికి రావక్కర్లేదు, టేబులే గుమ్మం దగ్గరికి తెప్పిస్తాం.