వార్తలనే ఆపించిన మ్యాచ్! కౌంటీ వన్డేకి తాళం వేసింది మన డబ్బే

మన 83 కప్పుకి పుట్టిల్లు కౌంటీ వన్డే, అంటే ఇంగ్లండ్‌లో కౌంటీల (అక్కడి జిల్లాల) టీమ్‌ల మధ్య జరిగే ఒకరోజు మ్యాచ్. ఆ పుట్టింటికి ఇప్పుడు తాళం వేస్తున్నది మన డబ్బే. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ విన్నాక తిట్టండి.

1979. జూన్‌లో లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్: వెస్టిండీస్ తరఫున రిచర్డ్స్ 138 నాటౌట్, గార్నర్‌కి 5 వికెట్లు. సెప్టెంబర్‌లో అదే లార్డ్స్‌లో కౌంటీల జిల్లెట్ కప్ ఫైనల్, నార్తాంప్టన్‌షైర్ మీద సోమర్‌సెట్ తరఫున: రిచర్డ్స్ 117, గార్నర్ 29 పరుగులకి 6 వికెట్లు. అదే గ్రౌండ్, అవే 60 ఓవర్లు, వాళ్ళే ఇద్దరు. దేశం పేరు, కౌంటీ పేరు చేత్తో మూసేసి స్కోర్లు చూపిస్తే, ఏది ప్రపంచ కప్పో మీరు చెప్పగలరా? నేనైతే చెప్పలేను.

అన్నట్టు ఇదే సోమర్‌సెట్ అదే ఏడాది ఇంకో కప్పులో చేసిన పని వినండి. వికెట్లు తీసే రేటు కాపాడుకోడానికి ఒక్క ఓవర్ ఆడి, వికెట్ పోకుండా 1 పరుగు దగ్గర డిక్లేర్, అంటే బ్యాటింగ్ తామే ఆపేశారు! వన్డేలో డిక్లేర్ అండీ! టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు సీట్లో సర్దుకునేలోపే మ్యాచ్ అయిపోయింది. టోర్నీ నుంచి బయటికి గెంటేశారు. దొంగ పనే, కానీ ఆ కప్పు కోసం పరువు కూడా పణంగా పెట్టారంటే దానికి ఎంత విలువుండాలి?

సరే, కపిల్ దగ్గరికి వద్దాం. 1981 నుంచే నార్తాంప్టన్‌షైర్‌కి ఆడాడు. 83లో జింబాబ్వే మీద 17కి 5 వికెట్లు పోయినప్పుడు ఆడుతున్నది ఎక్కడ? టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో, ఓ చిన్న కౌంటీ గ్రౌండ్‌లో. ఎన్ని ఓవర్లు? 60. అందుకే ముందు నిలబడ్డాడు, తర్వాత కొట్టాడు, 175 నాటౌట్. ఇదే హండ్రెడ్‌లో, అంటే ఇన్నింగ్స్‌కి వంద బంతులే ఉండే ఇంగ్లండ్ లీగ్‌లో, 17కి 5 అయితే? జనం పార్కింగ్‌లో బండి వెతుక్కుంటుంటారు! ఫైనల్లో మనం కొట్టింది 183. 183 కొట్టి కప్పు గెలిచామంటే, అది 60 ఓవర్ల ఆట నేర్పిన ఓపిక. ఇది నా థియరీ, ఎవరు కాదన్నా నేను వదలను.

ఇప్పుడేం జరుగుతోందో మీకు తెలుసు. 2021 నుంచి ఆగస్టు నెల హండ్రెడ్‌ది. స్టార్లందరూ అటు, మిగిలినవాళ్ళతో వన్డే కప్. ఫైనల్‌కి లార్డ్స్ కూడా లేదు. పృథ్వీ షా 2023లో నార్తాంప్టన్‌లో 244 కొట్టాడు, రెండొందల నలభై నాలుగు! మీలో ఎంతమంది లైవ్ చూశారు? ఫోన్లో క్లిప్ చూసి పైకి తోసేశారు, అంతే.

ఆ హండ్రెడ్ టీమ్‌లు కొన్నది ఎవరు? లీడ్స్ టీమ్ మన హైదరాబాద్ సన్‌రైజర్స్ ఓనర్లది. హ్యాంప్‌షైర్ క్లబ్బూ, సదరన్ బ్రేవ్‌లో వాటా జీఎంఆర్ వాళ్ళవి. మన రాజాం నుంచి వెళ్ళిన జీఎంఆర్ అండీ! గర్వంగా లేదా అంటే ఉంది, అబద్ధమెందుకు. కానీ ఇన్ని కోట్లు పోసినవాళ్ళు ఆగస్టుని తిరిగి 50 ఓవర్లకి ఇస్తారా? మూలకి నెట్టింది ఇంగ్లండ్ బోర్డు. తాళం మాత్రం మనది.

ఇక నా ప్రాణం లాంటి మ్యాచ్. 1971 జూలై 28, ఓల్డ్ ట్రాఫర్డ్, జిల్లెట్ సెమీఫైనల్, లాంకషైర్, గ్లాస్టర్‌షైర్. వాన వల్ల ఆలస్యం. రాత్రి తొమ్మిది కావస్తోంది, ఫ్లడ్‌లైట్లు లేవు. లాంకషైర్‌కి 5 ఓవర్లలో 25 కావాలి. చీకట్లో బంతి కనిపించట్లేదని లాంకషైర్ కెప్టెన్ జాక్ బాండ్ అంటే, చందమామ కనిపిస్తోందిగా, ఇంకెంత దూరం చూడాలి నీకు అన్నాడట అంపైర్! అప్పుడు లాంకషైర్ డేవిడ్ హ్యూస్, గ్లాస్టర్‌షైర్ బౌలర్ మోర్టిమోర్ ఓవర్లో వరసగా 4, 6, 2, 2, 4, 6. ఇరవై నాలుగు! మిగిలిన ఒక్కటీ బాండ్ కొట్టాడు. బీబీసీ తొమ్మిది గంటల వార్తలని ఆపుకుని మరీ చూపించింది.

ఏ హండ్రెడ్ మ్యాచ్ కోసం ఎక్కడ వార్తలు ఆగాయో కామెంట్‌లో రాయండి. ఒక్కటి చాలు, పిన్ చేస్తాను.