విషాన్ని పిండేసి కాల్చే రొట్టె: సూరినామ్ కసావా బ్రెడ్

అందరికీ నమస్తే అండి. దక్షిణ అమెరికాలో ఉన్న సూరినామ్ దేశపు రొట్టె అనగానే చాలామంది రోటీ అంటారు, అది కూడా నిజమే, 1873లో లల్లా రూఖ్ అనే ఓడలో కలకత్తా నుంచి మనవాళ్లని తోటల్లో కూలి పనికి తీసుకెళ్లారు, వాళ్లతో పాటు వెళ్లిన రోటీ ఇప్పుడు అక్కడ అన్ని రకాల వాళ్లూ తింటున్నారు. కానీ ఇవాళ నేను చెప్పేది ఆ ఓడ రాకముందు, అసలు డచ్చివాళ్లు కూడా రాకముందు నుంచీ అక్కడున్న రొట్టె గురించి.

అదే కసావా రొట్టె. కసావా అంటే ఏదో కొత్తది కాదండి, మన కర్రపెండలమే. మా అమ్మమ్మ ఉప్పేసి ఉడకబెట్టి పెట్టేది. పెద్దాపురం, సామర్లకోట వైపు మిల్లుల్లో సగ్గుబియ్యం చేసేది కూడా దీంతోనే.

అయితే ఈ రొట్టెకి వాడేది చేదు రకం. పచ్చిగా తింటే ప్రాణం మీదకి వస్తుంది, ఎందుకంటే దుంపని తురిమినప్పుడు అందులోంచి సైనైడ్ పుడుతుంది. మరి దాన్ని తిండి ఎలా చేశారు?

(స్క్రీన్ మీద: వేలాడుతున్న పొడవాటి అల్లిక గొట్టం)

ఇదిగో, దీన్ని మటాపీ అంటారు. తురుమంతా ఇందులో కూరి పైన దూలానికి వేలాడదీస్తారు, కింద ఉన్న కొక్కెంలో ఒక కర్ర దూర్చి ఆ కర్ర మీద మనిషి కూర్చుంటుంది, ఆ బరువుకి గొట్టం సాగుతుంది, సాగేకొద్దీ సన్నబడుతుంది, సన్నబడేకొద్దీ లోపలి తురుముని నలిపి విషపు నీళ్లన్నీ చుక్కచుక్కగా కింద గిన్నెలోకి దించేస్తుంది. మోటార్ లేదు, ఇనుము లేదు, వట్టి అల్లిక! ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఆ నీళ్లని కూడా పారబొయ్యరు, బాగా మరిగిస్తే విషం పోతుంది, వంటకి పనికొస్తుంది.

పిండిన ముద్దని జల్లించి, వేడి పెనం మీద గుండ్రంగా పరిచి కాలుస్తారు. నూనె లేదు, ఈస్ట్ లేదు, నీళ్లు కూడా కలపరు, దుంపలో ఉన్న పిండి పదార్థమే వేడికి అతుక్కుంటుంది. తర్వాత ఎండబెడితే మన అప్పడంలా కరకరలాడుతుంది, చాలా రోజులు నిలవుంటుంది. చేపల పులుసులో ముంచుకుని తింటే ఆ రుచే వేరంటారు.

లొకోనో, కలిన్యా, త్రియో, వయానా లాంటి ఆదివాసులది ఈ విద్య. ఇంకో సంగతి, తోటల్లో బానిసత్వం నుంచి తప్పించుకుని అడవిలోకి పారిపోయిన ఆఫ్రికన్లు, అంటే మరూన్లు, ఈ దుంపని తిండిగా చేసుకోవడం ఆ ఆదివాసుల నుంచే నేర్చుకున్నారు. అడవిలో డచ్చి సైన్యం వెంటపడుతుంటే పొలంలో కర్రపెండలం మట్టిలోనే దాగి ఉండేది, కావాల్సినప్పుడు తవ్వుకోవడమే. అలా నిలబడి పోరాడితే 1760లో ఎన్‌డ్యుకా వాళ్లతో, 1762లో సారమకా వాళ్లతో (రెండూ మరూన్ తెగలే) డచ్చివాళ్లే సంధి చేసుకోవాల్సి వచ్చింది.

(స్క్రీన్ మీద: ఇంటి కప్పు మీద ఎండలో ఆరేసిన గుండ్రటి రొట్టెలు)

ఇప్పటికీ నది పక్క ఊళ్లలో ఇలాగే ఆరేస్తారు. మటాపీ మగవాళ్లు అల్లుతారు, రొట్టె ఆడవాళ్లు కాలుస్తారు, పిల్లలు పక్కనే కూర్చుని చూస్తూ నేర్చుకుంటారు.