ట్రస్ట్ రాశారు సరే, తాళాల గుత్తి ఎవరి బొడ్లో ఉంది?

[తెర మీద: పాతకాలపు లండన్ బ్యాంకు భవనం. పక్కన 1948 అన్న అంకె]

1948 సెప్టెంబర్. భారత సైన్యం హైదరాబాద్‌లోకి వచ్చింది, నిజాం లొంగిపోయాడు. సరిగ్గా ఆ గడబిడలోనే లండన్‌లో ఒక బ్యాంకు ఖాతాలోంచి ఇంకో ఖాతాలోకి 10,07,940 పౌండ్ల 9 షిల్లింగులు మారాయి. మొదటి ఖాతా నిజాంది. రెండోది లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్‌గా ఉన్న రహీంతులాది. మార్పించింది నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. ఆ నెల తిరక్కుండానే, తన అనుమతి లేకుండా పంపేశారనీ, డబ్బు తిరిగి ఇవ్వమనీ నిజాం అడిగాడు. పాకిస్తాన్ మాదంటోంది, నిజాం నాదంటున్నాడు. మధ్యలో బ్యాంకు ఎవరికీ ఇవ్వకుండా కూర్చుంది.

ఎన్నాళ్లు కూర్చుందో తెలుసా? లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది 2019 అక్టోబర్ 2న. అంటే 71 ఏళ్లు. పది లక్షల పౌండ్లు కాస్తా మూడున్నర కోట్ల పౌండ్లయ్యాయి. రహీంతులా ఆ సొమ్ము పట్టుకున్నది నిజాం తరఫున ట్రస్టీగా మాత్రమే, కాబట్టి అది భారత ప్రభుత్వానికీ నిజాం మనవలకీ చెందుతుందని కోర్టు తేల్చింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఆ బదిలీ జరిగినప్పుడు ఎవరూ ట్రస్ట్ డీడ్ రాసి సంతకాలు పెట్టలేదు. అయినా కోర్టుకి అక్కడ ట్రస్ట్ కనిపించింది. కాసేపట్లో దీన్ని తిరగేసిన కథ ఒకటి చెబుతాను. అందులో ట్రస్ట్ డీడ్ ఉంది, సంతకాలున్నాయి, ఖరీదైన లాయర్లున్నారు. అయినా ఆ ఖాతాల దగ్గరికొచ్చేసరికి ట్రస్ట్ అక్కరకు రాలేదు.

[తెర మీద: మూడు బొమ్మలు. ఇచ్చే మనిషి, చూసే మనిషి, అనుభవించే మనిషి]

ముందు సంగతి సూటిగా చెప్పుకుందాం. ట్రస్ట్‌లో ముగ్గురుంటారు. ఆస్తి ఇచ్చేవాడు సెటిలర్. దాన్ని తన పేరున పెట్టుకుని చూసుకునేవాడు ట్రస్టీ. దాని ఫలం తినేవాళ్లు లబ్ధిదారులు. ఆస్తి కాగితాల్లో ట్రస్టీదే, కానీ అతను అందులో ఒక్క రూపాయి సొంతానికి వాడుకోకూడదు. ఆలోచనంతా ఇంతే. మన ఇళ్లలో నాయనమ్మ బొడ్లో దోపుకున్న తాళాల గుత్తి గుర్తుందా? "ఇల్లు పెద్దకోడలికి అప్పజెప్పాను" అని ఊరంతా చెప్పేది. బీరువా తీయాలంటే మాత్రం నాయనమ్మనే పిలవాలి. మరి ఇల్లు అప్పజెప్పినట్టా, అప్పజెప్పనట్టా? ఆసియాలో కోట్లకు పడగెత్తిన కుటుంబాల ట్రస్ట్ వ్యవహారాలన్నీ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తాయి. పన్ను శాఖ వాళ్లు అడిగేదీ ఇదే, అప్పులవాళ్లు అడిగేదీ ఇదే.

లండన్ డబ్బు అలా ఇరుక్కుంది కానీ, నిజాంకి ట్రస్టులు తెలియక కాదు. 1950లోనే 9 కోట్ల రూపాయల ప్రభుత్వ బాండ్లతో కుటుంబ ట్రస్ట్ ఒకటి రాశాడు. దాన్ని 175 సమాన వాటాలుగా లెక్కగట్టి, కొన్ని ఖర్చులకీ నిల్వకీ ఉంచి, మిగతావి బంధువులకి పేరుపేరునా పంచాడు. నగలకి విడిగా ట్రస్టులున్నాయి. వాటిలోని 173 నగల్ని 1995లో కేంద్ర ప్రభుత్వం దాదాపు 218 కోట్లకి కొంది. ఆయన ట్రస్టుల మీద సంపద పన్ను తగాదా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 1977లో తీర్పొచ్చింది. పన్ను ట్రస్టీ దగ్గర వసూలు చేసినా సరే, లబ్ధిదారుడు నేరుగా కట్టాల్సి వస్తే ఎంతయ్యేదో అంతే తీసుకోవాలన్నది దాని సారం. ట్రస్టుల పన్ను గురించి చదువుకునే ప్రతి సీఏ విద్యార్థీ ఈ హైదరాబాద్ కేసు దాటకుండా పోడు. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, అందుకే చెప్పాను.

[తెర మీద: ఆసియా పటం. ఒక్కో దేశం మీద ఒక్కో శాతం]

సరే, ఇప్పటి సంగతికొద్దాం. తండ్రి పోతే పిల్లలు పన్ను కట్టాలా? భారత్‌లో ఎస్టేట్ డ్యూటీ 1985లో పోయింది. పోయే ముందు దాని పై రేటు 85 శాతం, నమ్ముతారా? హాంకాంగ్ 2006లో ఎత్తేసింది, సింగపూర్ 2008లో. జపాన్‌లో ఇప్పటికీ 55 శాతం దాకా ఉంది.

దక్షిణ కొరియాలో 50 శాతం. పెద్ద కంపెనీలో అత్యధిక వాటా ఉన్న కుటుంబమైతే షేర్ల విలువని పెంచి లెక్కగడతారు, అది 60 దాకా పోతుంది. 2020 అక్టోబర్‌లో శాంసంగ్ అధిపతి లీ కున్-హీ చనిపోయాక కుటుంబం మీద పడిన పన్ను 12 లక్షల కోట్ల వాన్‌లకి పైనే. ఒక్కసారిగా కట్టలేక అయిదేళ్లలో ఆరు వాయిదాలకి ఒప్పుకున్నారు. ఆయన పోగేసిన కళాఖండాలు, సుమారు 23,000, దేశానికి ఇచ్చేశారు. ఇంకో కుటుంబం సంగతి మరీ విచిత్రం. నెక్సాన్ అనే వీడియో గేముల కంపెనీ పెట్టిన కిమ్ జంగ్-జు 2022లో పోయాడు. వారసులు పన్ను కింద డబ్బుకి బదులు షేర్లే ఇచ్చారు. దాంతో మాతృసంస్థలో 29 శాతానికి పైగా వాటాతో కొరియా ప్రభుత్వమే రెండో అతిపెద్ద వాటాదారు అయి కూర్చుంది. పిల్లలాడుకునే గేముల కంపెనీలో సర్కారు వాటా!

"మరి సింగపూర్‌లో, హాంకాంగ్‌లో, మన దగ్గర వారసత్వ పన్నే లేనప్పుడు ట్రస్ట్ దేనికి?" అని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. కొంతమందికి పన్ను కంటే తగాదాల భయం ఎక్కువ. ధీరూభాయ్ అంబానీ 2002లో వీలునామా లేకుండా పోయాక ఏమైందో మనమంతా పేపర్లలో చదివినవాళ్లమే. ఇంకొంతమందికి అప్పులవాళ్ల భయం. మరికొంతమందికి, ఇది మన తెలుగువాళ్లకి బాగా తగులుతుంది, ఆస్తి ఒక దేశంలో, పిల్లలు ఇంకో దేశంలో. ఆ రెండో దేశంలో పన్ను ఉంటుంది.

[తెర మీద: చైనా రెస్టారెంట్, దాని నుంచి సింగపూర్‌కి ఒక బాణం]

ఇప్పుడు ఇందాక చెప్తానన్న కథ. జాంగ్ లాన్ అనే ఆవిడ చైనాలో సౌత్ బ్యూటీ అనే హోటళ్ల గొలుసు పెట్టి పైకొచ్చింది. 2013-14లో ఒక విదేశీ పెట్టుబడి సంస్థకి ఎక్కువ వాటా అమ్మింది. చేతికొచ్చింది పాతిక కోట్ల డాలర్లకు పైమాటే. 2014లో ఆవిడ కుటుంబ ట్రస్ట్ పెట్టింది. లబ్ధిదారులు కొడుకూ అతని సంతానం. ట్రస్టీ కుక్ ఐలాండ్స్ కంపెనీ. దాని కింద బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో మరో కంపెనీ. ఆ కంపెనీ పేరున సింగపూర్ బ్యాంకుల్లో ఖాతాలు. చూడ్డానికి ఎంత పకడ్బందీగా ఉందో! పద్మవ్యూహంలా ఒకదానిలో ఒకటి.

ఆ తర్వాత కొన్నవాళ్లు మాకు చూపించిన లెక్కలు తప్పని ఎదురు తిరిగారు. మధ్యవర్తిత్వంలో వాళ్లే గెలిచారు. డబ్బు రాబట్టుకోవడానికి సింగపూర్ హైకోర్టుకెళ్లారు. ఆవిడ తరఫు వాదన మీకు తెలిసిందే: "అది నాది కాదు, ట్రస్ట్‌ది."

కోర్టు ట్రస్ట్ డీడ్ పక్కనపెట్టి బ్యాంకు కాగితాలు తిరగేసింది. ఖాతాల్లోంచి ఆవిడ తన సొంత పనులకి డబ్బు తీసింది. న్యూయార్క్‌లో ఫ్లాట్ కొనడానికి కూడా అక్కడి నుంచే వెళ్లింది. ఖాతాలు స్తంభింపజేస్తారని తెలియగానే హడావుడిగా డబ్బు కదిలించింది. కొడుకు కోసం ఇచ్చేసిన సొమ్మైతే అమ్మ ఇలా వాడుకుంటుందా? 2022 నవంబర్‌లో తీర్పు వచ్చింది. ఖాతాలు కంపెనీ పేరున ఉన్నా వాటి అసలు సొంతదారు జాంగ్ లానే అని, వాటి మీద రిసీవర్లని, అంటే ఆ డబ్బుని తమ అధీనంలోకి తీసుకుని చూసేవాళ్లని, నియమించింది కోర్టు. ఒక్క మాట జాగ్రత్తగా వినండి: ట్రస్ట్ మొత్తాన్ని కోర్టు కొట్టేయలేదు. ఆ ఖాతాల్లో డబ్బు మాత్రం ఆవిడ చేతుల్లోంచి ఎప్పుడూ పోనేలేదంది. ఇల్లు కోడలికి, తాళాలు బొడ్లో.

ఈ కేసు తర్వాత ఆసియాలోని ప్రైవేట్ బ్యాంకర్లందరికీ చెమట పట్టి ఉంటుందని నా అనుమానం. ఎందుకంటే కస్టమర్లకి వాళ్లు ఇష్టంగా అమ్మే సరుకు ఇదే. "సార్, రిజర్వ్‌డ్ పవర్స్ ట్రస్ట్ అండి. ఇచ్చినట్టు ఉంటుంది, పెట్టుబడి నిర్ణయాలు మాత్రం మీవే." చట్టం ప్రకారం కొంతవరకు అది చెల్లుతుంది కూడా. ఎంతవరకు అన్నదే చిక్కు. ట్రస్టీ మీద ప్రొటెక్టర్ అని ఇంకో మనిషిని పెడతారు. నిర్ణయాలు ఆపడానికి, ట్రస్టీని మార్చడానికి అతనికి అధికారం ఉంటుంది. ఆ ప్రొటెక్టర్ మీరే అయితే, ఎదుటి లాయర్ మొదట చదివేది ఆ పేజీనే.

మన చట్టం ఇంకా ముక్కుసూటి. ఆస్తి రాసిచ్చి, మళ్లీ వెనక్కి తీసుకునే హక్కు అట్టే పెట్టుకుంటే, దాని ఆదాయం మీద పన్ను రాసిచ్చినవాడే కట్టాలి. అది ఇచ్చినట్టు లెక్కలోకి రాదు. ఎవరికి ఎంతివ్వాలో ట్రస్టీ ఇష్టానికి వదిలేస్తే, దాన్ని డిస్క్రిషనరీ ట్రస్ట్ అంటారు, సాధారణంగా అత్యధిక రేటులో పన్ను పడుతుంది. అంటే పన్ను తగ్గించుకోవడానికే ట్రస్ట్ అనుకునేవాళ్లకి ఇండియాలో పెద్దగా మిగిలేది ఏమీ లేదు.

[తెర మీద: సింగపూర్ భవనాలు]

సింగపూర్‌లో ఫ్యామిలీ ఆఫీసుల మాట వినే ఉంటారు. ఒక కుటుంబం సొమ్ము మాత్రమే చూసుకునే కంపెనీ అది. పన్ను రాయితీ పొందినవి 2020లో 400 ఉంటే 2024 చివరికి 2,000 దాటాయి. రాయితీ ఊరికే రాదు. ఒక పథకానికి కనీసం 2 కోట్ల సింగపూర్ డాలర్లు, ఇంకోదానికి 5 కోట్లు చూపించాలి, ఉద్యోగుల్ని పెట్టాలి, స్థానికంగా ఖర్చు చేయాలి. 2023 ఆగస్టులో అక్కడ భారీ మనీ లాండరింగ్ కేసులో పదిమంది అరెస్టయ్యాక తనిఖీలు ఇంకా బిగిశాయి. హాంకాంగ్ కూడా అదే ఏడాది 24 కోట్ల హాంకాంగ్ డాలర్ల హద్దుతో పోటీకి దిగింది.

ఇక దాచడం అన్న మాట. అది అయిపోయిన కథ. సీఆర్ఎస్ అని ఒక అంతర్జాతీయ ఏర్పాటుంది. భారత్ 2017 నుంచి, సింగపూర్, హాంకాంగ్ 2018 నుంచి ఖాతాల సమాచారం ఏటేటా తమంతట తామే ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. ట్రస్ట్ అయితే సెటిలర్, ట్రస్టీ, ప్రొటెక్టర్, లబ్ధిదారులు, అందరి పేర్లూ వెళ్తాయి. అమెరికా ఇందులో లేదు, దానికి సొంత చట్టం ఉంది. ఇండియాలో రెసిడెంట్‌గా ఉంటూ విదేశీ ట్రస్ట్‌లో మీ పేరుంటే ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్ నింపాలి. నింపకపోతే 10 లక్షల జరిమానా పడొచ్చు. దాచిన ఆస్తి అని తేలితే 2015 నల్లధనం చట్టం కింద 30 శాతం పన్ను, పైగా ఆ పన్నుకి మూడింతలు జరిమానా. విదేశంలో ఉద్యోగం మానేసి ఇండియాకి తిరిగొచ్చినవాళ్లు కొన్నేళ్ల తర్వాత పూర్తి రెసిడెంట్ అవుతారు. ఆ ఏడాది నుంచి ఇది గుర్తుండాలి.

[తెర మీద: ఒకవైపు విజయవాడ, ఒకవైపు డల్లాస్]

ఇంత విన్నాక "మాకు కోట్లు లేవండీ" అనకండి. ఈ ముక్క మీకే.

గుంటూరులో ఉన్న నాన్నగారు ఫోన్ యాప్‌లో అమెరికా కంపెనీల షేర్లు కొన్నారనుకోండి. ఆయన అమెరికా పౌరుడు కాదు, అక్కడ ఉండడమూ లేదు. అయినా పోయిన రోజున ఆ షేర్ల మీద అమెరికా ఎస్టేట్ టాక్స్ వర్తిస్తుంది. మినహాయింపు 60,000 డాలర్లే. అది దాటిన దానిపై 40 శాతం దాకా. అమెరికా పౌరుడికైతే 2026లో మినహాయింపు కోటీ 50 లక్షల డాలర్లు! ఈ పన్ను విషయంలో భారత్‌కీ అమెరికాకీ ఒప్పందం లేదు. సింగపూర్‌కీ లేదు. పెద్ద కుటుంబాలు అమెరికా షేర్లని నేరుగా కాకుండా అమెరికా బయటి కంపెనీ ద్వారా కొనేది ఇందుకే. మనలాంటివాళ్లకి ఆ ఖర్చు గిట్టకపోవచ్చు, తెలిసి ఉండడం మంచిది.

సింగపూర్‌లోనో, బ్రిటన్ దగ్గరున్న జెర్సీ దీవిలోనో తాత పెట్టిన ట్రస్ట్ పదేళ్లు ఆదాయం పోగేసి, ఆ సొమ్ముని అమెరికాలో ఉన్న మనవరాలికి ఒక్కసారి ఇచ్చిందనుకోండి. త్రోబ్యాక్ అని ఒక నిబంధన ఉంది. పాత ఏళ్ల ఆదాయంగా లెక్కగట్టి, వడ్డీ కలిపి పన్ను వేస్తారు. సింగపూర్‌లో సున్నా పన్నుతో పెరిగిన డబ్బు డల్లాస్‌లో అసలు రూపం చూపిస్తుంది. అందుకని డీడ్ రాసేటప్పుడే అడగాల్సిన ప్రశ్న, పిల్లలు ఎక్కడున్నారు అని కాదు, ఇరవై ఏళ్లకి ఏ దేశపు పాస్‌పోర్టు పట్టుకుని ఉంటారు అని.

చివరగా అందరికీ జరిగేది. విజయవాడలో పొలం అమ్మి నాన్న అమెరికాలో ఉన్న అమ్మాయికి డబ్బు పంపారు. ఆయన రెసిడెంట్ కాబట్టి ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపొచ్చు. అమ్మాయికి అది బహుమతి, అమెరికాలో దాని మీద ఆదాయపు పన్ను లేదు. అందుకే చాలామంది ఏమీ చెప్పకుండా వదిలేస్తారు. కానీ విదేశీయుల నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి బహుమతి వస్తే అక్కడి పన్ను శాఖకి తెలపాలి. తెలపకపోతే నెలకి 5 శాతం చొప్పున, 25 శాతం వరకు జరిమానా పడొచ్చు. ఆ ఫారం నంబరు 3520. కట్టాల్సిన పన్ను సున్నా. నింపాల్సిన ఫారం మాత్రం ఉంది.