రొయ్య కదిలింది సరే, కోలుకున్నట్టేనా?

యాంకర్: నమస్కారం, ఫోన్-ఇన్‌కు స్వాగతం. రాగి, కాడ్మియం లాంటి లోహాలు తగిలిన రొయ్యలు, నత్తలు, నీటి పురుగులు మళ్లీ ఎలా కోలుకుంటాయో చెప్పడానికి జలజీవ శాస్త్రవేత్త మేడం మనతో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్: నమస్తే మేడం. అక్వేరియంలో చేపలకి తెల్లమచ్చలు వస్తే మందు వేశాం. అందులో రాగి ఉందట. చేపలకేం కాలేదు గానీ రొయ్యలు పక్కకి ఒరిగిపోయాయి, నత్తలు మూత బిగించుకున్నాయి. నీళ్లు మార్చాక మళ్లీ తిరుగుతున్నాయి. గండం గడిచినట్టేనా?

మేడం: సగం గడిచిందండీ. రాగి ముందు దెబ్బ కొట్టేది మొప్పల్ని. నీటిలోంచి సోడియం లాక్కునే పని కుంటుపడుతుంది, ఒంట్లో ఉన్నది బయటికి పోతూనే ఉంటుంది. నీళ్లు బాగుపడగానే ఆ పని మళ్లీ అందుకుంటుంది కాబట్టి కదలిక తొందరగానే వస్తుంది. నేనైతే కదలికను నమ్మను. తిండి దగ్గరికి వస్తున్నాయా, కుబుసం సాఫీగా వదులుతున్నాయా, తర్వాత గుడ్లు పెడుతున్నాయా, అవి చూస్తాను. నీరసించిన రొయ్యకి కుబుసం విడిచే సమయమే గడ్డుకాలం. అయితే పెంకుకి అంటిన లోహం కొంత దాంతోపాటే పోతుంది, అదొక మేలు.

కాలర్: మరి లోపలికి వెళ్లిన రాగి?

మేడం: రొయ్య రక్తంలో ఆక్సిజన్ మోసే హీమోసయనిన్‌లో ఉండేదే రాగి! అందుకే దాన్ని సర్దుకోవడం దానికి కొంత తెలుసు. మిగులు రాగిని మెటలోథయొనిన్ అనే ప్రొటీన్ పట్టి ఉంచుతుంది. కొంత జీర్ణగ్రంథిలో గుళికలుగా మారి మెల్లగా బయటికి పోతుంది. కాడ్మియం అలా కాదు. కాల్షియం దారిలోనే లోపలికి దూరి, ఆల్చిప్పల్లాంటి వాటిలో నెలల తరబడి తిష్ట వేస్తుంది.

కాలర్: ఇప్పుడు నన్నేం చేయమంటారు?

మేడం: నీళ్లన్నీ ఒక్కసారే మార్చకండి, ఆ తేడాకే మళ్లీ డీలా పడతాయి. కొంచెం కొంచెంగా, అదే వేడి, అదే కాఠిన్యం ఉన్న నీళ్లు పోయండి. ఫిల్టర్లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. గులకరాళ్లు, గవ్వల పొడి రాగిని పట్టుకుని తర్వాత వదలొచ్చు, కాబట్టి కాపర్ టెస్ట్ కిట్‌తో మళ్లీ మళ్లీ చూడండి. ఇకమీదట చేపలకి మందు వేయాలంటే వేరే తొట్టిలో వేయండి.

యాంకర్: ఇంకో కాల్. హలో?

కాలర్ 2: మేడం, నేను జువాలజీ స్టూడెంట్‌ని. వాగులోకి గని నీళ్లు రావడం ఆగిపోతే పురుగులు వాటంతటవే వస్తాయా?

మేడం: వస్తాయమ్మా, ఎగువన బతికినవి ఉంటే. కొన్ని ప్రవాహంలో కొట్టుకొస్తాయి, రెక్కలొచ్చినవి ఎగిరొచ్చి గుడ్లు పెడతాయి. చాలా మేఫ్లై రకాలు లోహాల్ని తట్టుకోలేవు కాబట్టి అవి ఆలస్యం. నీటి పరీక్షలో అంతా బాగున్నట్టే కనిపించినా, రాళ్ల మీది నాచులో, ఒండ్రులో లోహం మిగిలి ఉంటుంది. నాచు గీక్కు తినే పురుగులకి తిండితోపాటే ఎక్కుతుంది. అందుకే రాయి తిప్పి చూడకుండా రిపోర్టు రాయొద్దు.

కాలర్ 2: అసలు కోలుకోనివి కూడా ఉంటాయా మేడం?

మేడం: ఉంటాయి. ఓడల రంగుల్లో కలిపిన ట్రైబ్యూటైల్ టిన్ వల్ల కొన్ని సముద్రపు ఆడ నత్తలకి మగ అవయవాలు మొలిచాయి. ఆ నత్తకి అది మళ్లీ మామూలవదు. 2008లో ఆ రంగుల మీద అంతర్జాతీయ నిషేధం అమల్లోకి వచ్చింది. వాడకం తగ్గిన చోట్ల కోలుకున్నది తర్వాతి తరాలే.