పాబ్లో కసాల్స్ బాఖ్ సూట్లు: ఎనభై ఏళ్లు దాటిన ఈ రికార్డింగు ఇప్పుడెందుకు వినాలి?

నమస్కారం. ఇవాళ్టి రివ్యూ స్పెయిన్‌కు చెందిన చెలో వాద్యకారుడు పాబ్లో కసాల్స్ వాయించిన, 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన చెలో సూట్లు. చెలో అంటే వయొలిన్ కుటుంబంలోని పెద్ద వాద్యం, సూట్ అంటే ఎక్కువగా నాట్యపు నడకలున్న చిన్న రచనల వరుస. 1936 నుంచి 1939 దాకా కొన్ని లండన్‌లో, కొన్ని పారిస్‌లో రికార్డు చేశారు. ధ్వని పాతది, చిటపటలు ఉంటాయి. అయినా ఈ ఆరు సూట్లు మొదటిసారి వినేవాళ్లు దీనితోనే మొదలుపెట్టాలి అంటాను. ఎందుకో చెప్తాను.

కసాల్స్ 1876లో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో ఉన్న ఎల్ వెండ్రెల్‌లో పుట్టారు. పదమూడేళ్లప్పుడు బార్సిలోనా రేవు దగ్గర ఒక పాత సంగీత పుస్తకాల కొట్లో ఈ సూట్లు కంటబడ్డాయి. అప్పటికి వీటిని చేతిసాధన పాఠాలుగానే చూసేవారు. పన్నెండేళ్లు సాధన చేశాక గానీ ఆయన సభలో వాయించలేదు. రికార్డింగుకు కూర్చునేసరికి దాదాపు అరవై ఏళ్లు.

ఇక చేతిపని. అప్పట్లో చెలో నేర్పేటప్పుడు కుడి చంకలో పుస్తకం పెట్టి, అది జారకుండా కమాను లాగమనేవారు. అలా చేస్తే మోచెయ్యి ఒంటికి అతుక్కుపోతుంది, పనంతా మణికట్టు మీద పడుతుంది. కసాల్స్ చేతిని భుజం నుంచే వదులు చేశారు. ఎడమచేతి సంగతి ఇంకా ముఖ్యం. స్వరం మారినప్పుడల్లా చెయ్యంతా జరిపితే మధ్యలో జారుడు వినిపిస్తుంది. ఆయన వేళ్లు చాపి అందుకుంటారు, జారుడు కావాలనుకున్న చోటే వాడతారు. వేలు తీగ మీద గట్టిగా పడుతుంది. హెడ్‌ఫోన్స్‌లో టక్‌మని వినిపించేది అదే. స్వరం మొదలు స్పష్టంగా పలకాలని అలా చేస్తారు, లోపం అనుకోకండి.

శ్రుతి కూడా గమనించండి. 1వ సూట్ జీ మేజర్ అనే స్వరవరుసలో ఉంది, అంటే మన శంకరాభరణం స్వరాలే. కాకలి నిషాదాన్ని పై షడ్జానికి బాగా దగ్గరగా నెడతారు, పియానోలో ఉండేదానికంటే కాస్త ఎక్కువగా. కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇది తొందరగానే పట్టుబడుతుంది.

లోపాలూ ఉన్నాయి. అప్పటి 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డు ఒక వైపుకు సుమారు నాలుగున్నర నిమిషాలే పట్టేది. కత్తిరించి అతికించే వీలు లేదు, గరుకుగా పలికిన స్వరం అలాగే ఉండిపోయింది. 6వ సూట్ అయిదు తీగల వాద్యానికి రాసింది. నాలుగు తీగల మీద వాయించాలంటే చెయ్యి బాగా పైకి వెళ్లాలి, ఆ ప్రయాస వినిపిస్తుంది.

చిటపటలు పూర్తిగా తీసేసిన సీడీ కొనకండి. రొదతో పాటు పై ధ్వనులు, కమాను తాకిడి కూడా పోతాయి. ఫోన్ స్పీకర్‌లో అసలే వద్దు. చెలో కింది తీగ 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది, ఫోన్ దాన్ని పలికించలేదు.

ముందు 5వ సూట్‌లోని సారబాండ్ అనే నెమ్మది నాట్యం వినండి. ఒక్క కార్డ్ (ఒకేసారి పలికే స్వరాల గుంపు) కూడా లేదు, ఒంటి స్వరాలే. దాన్ని రికార్డు చేసింది 1939 జూన్‌లో. స్పెయిన్ అంతర్యుద్ధం సైన్యాధికారి ఫ్రాంకో గెలుపుతో ముగిసింది ఆ ఏప్రిల్‌లోనే. కసాల్స్ ఆ తర్వాత ఫ్రాన్స్‌లోని ప్రాడ్‌లో ప్రవాసంలో ఉండిపోయారు.

కసాల్స్ కండక్టర్ (ఆర్కెస్ట్రాను నడిపించేవారు) కూడా. 1920లో సొంత డబ్బు పోసి బార్సిలోనాలో ఆర్కెస్ట్రా నిలబెట్టారు, 1926లో కార్మికుల కోసం కచేరీ సంఘం పెట్టించారు. అంతర్యుద్ధం ఆ ఆర్కెస్ట్రాను మింగేసింది. 1960ల్లో అమెరికాలోని మార్ల్‌బరోలో బాఖ్ వాద్యబృందం కోసం రాసిన బ్రాండెన్‌బర్గ్ కాన్సర్టోలు నడిపించి రికార్డు చేశారు. ఒకే పదబంధం రెండోసారి వస్తే రెండోసారి వేరేలా పలకాలన్నది ఆయన పట్టు. ఈ సూట్లు విన్నాక అవి వింటే, చెలో మీద ఒక్కడు చేసిన పనే అంతమంది చేత చేయిస్తున్నారని తెలుస్తుంది. ఆయన 1973లో ప్యూర్టోరికోలో పోయారు, 96 ఏళ్ల వయసులో.

పోల్చుకోవాలంటే రష్యన్ చెలో వాద్యకారుడు రోస్ట్రోపోవిచ్ ఫ్రాన్స్‌లోని వెజ్లే చర్చిలో 1991లో చేసిన రికార్డింగు వినండి. ధ్వని అద్భుతం, కానీ చర్చి ప్రతిధ్వనిలో నాట్యపు నడక కొంత మసకబారింది. కసాల్స్‌లో ఆ నడక ఎక్కడా పోదు, నా ఓటు ఇటే.

చెలో నేర్చుకునేవారు కసాల్స్ కమాను గుర్తులను (ఏ స్వరాలు ఒకే లాగులో వాయించాలో చెప్పేవి) మక్కికి మక్కి దించకండి. బాఖ్ సొంత చేతిప్రతి దొరకలేదు. భార్య ఆన్నా మాగ్డలీనా రాసిన నకలులో కమాను గుర్తులు చాలాచోట్ల స్పష్టంగా లేవు. ఆ నకలు పక్కన పెట్టుకుని, ఒక్కో వరుసకు రెండు మూడు రకాలుగా కమాను వాయించి చూసి, నాట్యపు అడుగు తప్పని పద్ధతి ఎంచుకోండి.